చర్చ: పాత కర్మాగార భవనాలు ఎన్నిసార్లు పని మార్చుకోగలవు, చివరకు ఎందుకు కూలిపోతాయి?

నూలుపోగు (చర్చ ప్రారంభించినవారు)

ఒక నూలు మిల్లు మూతపడిన మరునాడే కూలిపోదు. ముందు గిడ్డంగి అవుతుంది. తరువాత అంతస్తుకొకరు చొప్పున చిన్న కార్ఖానాలవాళ్లు అద్దెకు దిగుతారు. యుద్ధం వస్తే సైన్యం స్వాధీనం చేసుకుంటుంది. ఆ పైన కొన్నేళ్లు ఎవరికీ పట్టకుండా పడి ఉంటుంది. ఒకరోజు దాని చుట్టూ రేకుల కంచె వెలుస్తుంది, లోపల యంత్రాల చప్పుడు మొదలవుతుంది. పత్రికలు ఆ చివరి రోజు గురించే రాస్తాయి కాబట్టి భవనం ఆ రోజే పోయిందని మనం అనుకుంటాం. అసలు అది ఎప్పుడు పోయింది, ఏ దశలో ఆపగలిగి ఉండేవారు అన్న ప్రశ్నను సభ్యుల ముందు పెడుతున్నాను.

నా వాదనకు ఆధారం ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో ఉన్న డిథరింగ్టన్ అవిసెనార మిల్లు. 1797లో పూర్తయిన ఈ అయిదంతస్తుల భవనాన్ని రూపొందించిన చార్లెస్ బేజ్ ముందున్న సమస్య నిప్పు. కొయ్య దూలాలు, కొయ్య నేలలు, గాలిలో తేలే నార ధూళి, నూనె దీపాలు కలిసి ఆనాటి మిల్లులను తరచుగా బూడిద చేసేవి. అందుకని ఆయన స్తంభాలతో పాటు దూలాలను కూడా పోత ఇనుముతో పోయించి, వాటి మధ్య ఇటుక కమానులు కట్టించి, పైన నేల పరిపించారు. లోపలి చట్రమంతా ఇనుముతో కట్టిన తొలి భవనం ప్రపంచంలో ఇదేనని నిర్మాణ చరిత్రకారులు చెబుతారు. 1886లో నార వడకడం ఆగిపోయింది. దాదాపు పదేళ్ల తరువాత, 1897లో, బార్లీని మొలకెత్తించి మాల్ట్ చేసే వ్యాపారులు దాన్ని తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల బస అయింది, యుద్ధం తరువాత మళ్లీ మాల్ట్ శాల అయింది, 1987లో పూర్తిగా మూతపడింది. ప్రభుత్వ వారసత్వ సంస్థ 2005లో కొనేదాకా దాని భవిష్యత్తు ఎటూ తేలలేదు. మరమ్మతులన్నీ ముగిసి ప్రజలకు తలుపులు తెరుచుకున్నది 2022లో.

రెండు శతాబ్దాలలో ఆ భవనానికి అసలైన ప్రమాదం ఎప్పుడు వచ్చిందో చూడండి. నార వడికిన కాలంలో కాదు, బార్లీ ఆరబోసిన కాలంలో కాదు, సైనికులు పడుకున్న కాలంలోనూ కాదు. ఒక పని ముగిసి మరొక పని దొరకని ఎడంలోనే వచ్చింది. పని మారడం భవనానికి హాని చేయదని, పని లేకపోవడమే హాని చేస్తుందని నా అభిప్రాయం.

---

గవాక్షం

నూలుపోగు గారు ఎంచుకున్న ఉదాహరణ మంచిదే గానీ అందులో ఒక ముఖ్యమైన వివరాన్ని వారు దాటేశారు. మాల్ట్ తయారీకి చల్లదనం, మసక వెలుతురు కావాలి. వడకడానికి వెలుతురు పుష్కలంగా కావాలి. అందుచేత 1897 మార్పులో ఆ మిల్లు కిటికీలలో అత్యధిక భాగాన్ని ఇటుకలతో మూసేశారు, మిగిలినవాటిని చిన్నవి చేశారు. బేజ్ కట్టిన భవనపు ముఖం ఆ రోజే పోయింది. చట్రం నిలిచినందుకు సంతోషించవలసిందే, కానీ పని మారడం హాని చేయదనడం అతిశయోక్తి. ప్రతి కొత్త పనీ పాతదానిలో కొంత చెరిపేస్తుంది, ఎంత చెరిపేసిందో లెక్క ఎవరూ రాసిపెట్టరు.

పని ఆగకుండానే జరిగే నష్టం మరొకటి ఉంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో సింగర్ కుట్టుమిషన్ల కర్మాగారానికి నాలుగు ముఖాల గడియారంతో బ్రహ్మాండమైన గోపురం ఉండేది. ఊరంతా దాన్ని చూసే సమయం తెలుసుకునేది. ఆ గోపురాన్ని 1963లో ఆధునికీకరణ పేరుతో పడగొట్టారు. కర్మాగారం మూతపడింది 1980లో. అంటే నడుస్తున్న కర్మాగారమే, బాగుపడాలన్న కోరికతోనే, తన గుర్తును తానే తీసేసుకుంది. అక్కడ పని లేని ఎడం ఏదీ లేదు. ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు మాత్రం ఇప్పటికీ సింగర్ అనే పేరుంది.

---

దూలం

నిర్మాణ పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నవాడిగా, ఖాళీ కాలంలో భవనానికి సరిగ్గా ఏమవుతుందో చెబుతాను. ఇలాంటి చర్చల్లో "శిథిలావస్థ" అనే మాట తేలిగ్గా వాడేస్తారు కానీ శిథిలం కావడానికి ఒక క్రమం ఉంటుంది, అది దాదాపు ఎప్పుడూ కప్పు దగ్గరే మొదలవుతుంది.

రంపపుపళ్ల ఆకారంలో ఉండే నేతశాల కప్పును తీసుకోండి. ఒక వాలుకు అద్దాలు, రెండో వాలుకు పలకలు, రెండు పళ్ల మధ్య లోయలో నీటి కాలువ. భవనం నడుస్తున్నంతకాలం ఎవరో ఒకరు వానలకు ముందు పైకెక్కి ఆ కాలువల్లోని ఆకులూ పక్షిగూళ్లూ తీసేస్తారు. కొన్ని నేతశాలల్లో ఆ నీరు దిగడానికి వేరే గొట్టాలు ఉండవు, బోలుగా పోసిన ఇనుప స్తంభాలే గొట్టాలు. మనిషి పైకెక్కడం మానేసిన మొదటి ఏడాదే కాలువ పూడుతుంది, నీరు నిలుస్తుంది, అతుకుల్లోంచి గోడ తలమీదికి జారుతుంది. కొయ్య దూలం ఉన్న భవనమైతే దూలం నడుమ బాగానే కనిపిస్తుంది. గోడలో దిగిన కొస మాత్రం తడిసి, గాలి తగలక, బూజు పట్టి పిప్పి అయిపోతుంది. కిందనుంచి చూసేవారికి ఆ కొస కనబడదు. సన్నని మేకుతో పొడిచి చూస్తే మేకు మొత్తం దిగిపోతుంది.

ఇనుముకు వేరే బాధ ఉంది. తుప్పు అసలు లోహం కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, గోడలో పొదిగిన ఇనుప కడ్డీ ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను చీల్చేస్తుంది. పోత ఇనుము నొక్కుడుకు అద్భుతంగా నిలుస్తుంది, లాగుడుకు నిలవదు. వంగి హెచ్చరించే గుణం దానికి లేదు, విరిగితే ఒక్కసారే విరుగుతుంది. నిప్పంటుకున్నప్పుడు కాలి ఎర్రబడిన పోత ఇనుప స్తంభం మీద చల్లని నీరు పడితే పగిలిపోయే ప్రమాదం ఉంది. "నిప్పును తట్టుకునే మిల్లు" అన్న పేరు సగమే నిజం అన్న సంగతి అగ్నిమాపక దళాలకు బాగా తెలుసు.

ఈలోగా తలుపులు పగిలి సీసం, రాగి పోతాయి. కప్పు మీది సీసపు రేకు దొంగకు ఒక రాత్రి పని, భవనానికి మాత్రం మూడు నాలుగు వానాకాలాల ఆయుష్షు. ఆ తరువాత యజమాని నాలాంటివాడిని పిలిచి నివేదిక అడుగుతాడు. కప్పు సరిచేయడానికి మొదట్లో అయ్యే ఖర్చు ఎంతో, ఇప్పుడు మొత్తం నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో రెండూ పక్కపక్కన వేస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. నివేదికలో "ఆర్థికంగా సాధ్యం కాదు" అన్న వాక్యం రాసేది ఇంజనీరే గానీ, దాన్ని నిజం చేసింది అంతకు ముందటి నిర్లక్ష్యం.

కాబట్టి నేను నూలుపోగు గారి పక్షమే. మూసిన కిటికీని మళ్లీ తెరవవచ్చు. ష్రూస్‌బరీలో మరమ్మతులప్పుడు చాలా కిటికీలను తెరిచారు కూడా. కుళ్లిన దూలపు కొసను వెనక్కి తేలేం.

---

ఇసుకగడియారం

దూలం గారిని ఒక ప్రశ్న అడగాలి. నూలు మిల్లులకు కొత్త పనులు ఇంత సులువుగా దొరికినప్పుడు విద్యుత్కేంద్రాలకు, గ్యాస్ నిల్వ తొట్లకు, కొలుములకు ఎందుకు దొరకవు? అన్నీ పెద్ద భవనాలే కదా.

---

దూలం

పెద్దవి కావడం వేరు, పనికొచ్చే ఆకారంలో ఉండడం వేరు. మిల్లు అంతస్తు పొడవుగా, మరీ వెడల్పు లేకుండా, రెండు పక్కలా కిటికీలతో ఉంటుంది. యంత్రాల బరువుకు, అదురుకు తగినట్లు కట్టిన నేల కాబట్టి మనుషులూ బల్లలూ పుస్తకాలూ దానికి లెక్కలోకి రావు. అడ్డుగోడలు దాదాపు ఉండవు. అలాంటి చోటును ఇళ్లుగా, కార్యాలయాలుగా, తరగతి గదులుగా ఎలాగైనా విడగొట్టుకోవచ్చు.

విద్యుత్కేంద్రం ఒకే ఒక యంత్రం చుట్టూ కట్టిన గుల్ల. యంత్రం తీసేస్తే మిగిలేది అంతస్తులు లేని ఎత్తు, వెలుతురు చేరని లోతు. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బ్యాంక్‌సైడ్ కేంద్రం 1981లో మూతపడి 2000లో టేట్ మోడర్న్ కళా ప్రదర్శనశాలగా తెరుచుకుందంటే, అంతటి ఖాళీ ఎత్తు అవసరమైన పని ఒకటి దొరకడం వల్లనే. అటువంటి పనులు లోకంలో ఎన్ని ఉంటాయి? అదే నగరంలో 1983లో ఆగిపోయిన బాటర్సీ కేంద్రం ఒక పథకం తరువాత మరొక పథకం చేతులు మారుతూ 2022దాకా ఎదురుచూసింది.

వేల్స్‌లోని బ్రిన్‌మార్ రబ్బరు కర్మాగారాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. 1950ల మొదట్లో ఓవ్ ఆరప్ ఇంజనీరుగా కట్టిన ఆ భవనానికి పలుచని కాంక్రీటు పెంకులతో తొమ్మిది గుమ్మటాలు ఉండేవి. వాటి కింద ఒకే విశాలమైన హాలు. 1982లో మూతపడింది. 1986లో రక్షిత జాబితాలో చేర్చారు. పదిహేనేళ్లు వెతికినా దానికి తగిన పని దొరకలేదు, 2001లో కూల్చేశారు. చట్టం ఉంది, పేరు ఉంది, గొప్ప ఇంజనీరు ఉన్నాడు, అద్దెదారు లేడు.

---

నేలపటం

ఇంతవరకు అందరూ భవనం గురించే మాట్లాడారు. పట్టణ ప్రణాళికలో పనిచేసినవారెవరైనా మొదట కింద ఉన్న నేలను చూస్తారు. కర్మాగారం కట్టిననాడు అది ఊరి చివర. కార్మికుల ఇళ్లు, రైలు మార్గం, బజారు దాని చుట్టూ పెరిగి కొన్ని దశాబ్దాల్లో అదే ఊరి నడుమ అవుతుంది. ఆనాటి నుంచి భవనానికి పోటీ మరో భవనంతో కాదు, తన పునాదుల కింది స్థలంతోనే.

నిబంధనల్లో ఒక్క వాక్యం మారినా భవనాల తలరాత ఎలా మారుతుందో ముంబయి మిల్లుల్లో చూడవచ్చు. 1982 సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు, తరువాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. 1991లో వచ్చిన నియమం ప్రకారం మిల్లు భూమిని అభివృద్ధి చేసుకోదలిస్తే స్థూలంగా మూడో వంతు నగర పాలక సంస్థకు బహిరంగ స్థలంగా, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలినది యజమానికి. 2001లో దీన్ని సవరించి, పంపకం అప్పటికే ఖాళీగా ఉన్న భూమికే వర్తిస్తుందని, కట్టడాలను కూల్చగా ఖాళీ అయిన నేలకు వర్తించదని మార్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఒక షెడ్డు నిలబడి ఉంటే యజమానికి ఎంత, పడిపోతే ఎంత అన్న లెక్క ఆ సవరణతో తేలిపోయింది. దాన్ని చదివిన తరువాత "మిల్లులు శిథిలమై కూలిపోయాయి" అన్న మాటను నేను నమ్మలేను.

పన్ను కూడా అంతే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఖాళీ పారిశ్రామిక భవనాలకు ఉన్న పన్ను మినహాయింపును 2008లో కుదించి, కొన్ని నెలలు దాటితే పూర్తి పన్ను కట్టాలన్నారు. ఖాళీ భవనాలను త్వరగా వాడకంలోకి తేవడమే ఉద్దేశం. కానీ అద్దెదారు దొరకని యజమాని ముందు మరో దారి కూడా తెరుచుకుంది: భవనమే లేకపోతే పన్నే లేదు.

ఇక చట్టం వస్తోందన్న వార్త చట్టం కంటే వేగంగా ప్రయాణిస్తుంది. లండన్ గ్రేట్ వెస్ట్ రోడ్డు మీద 1928లో కట్టిన ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారాన్ని రక్షిత జాబితాలో చేర్చబోతున్నారని తెలిసిన సమయంలోనే, 1980 ఆగస్టులో, వరుస సెలవు దినాల్లో, దాని అలంకృతమైన ముఖభాగాన్ని పడగొట్టారు. కార్యాలయాలు తెరిచేసరికి రక్షించడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఆగ్రహం ఊరికే పోలేదు: రెండు యుద్ధాల మధ్య కాలపు భవనాలు అనేకం జాబితాకెక్కాయి, ఫైర్‌స్టోన్‌ను గీసిన వాస్తుశిల్పుల సంస్థే గీసిన హూవర్ కర్మాగార భవనం ఆ ఏడాదే రక్షణ పొందింది. తరువాత దాని వెనుక భాగం సూపర్ మార్కెట్ అయింది, ముందు భాగం ఇళ్లయ్యాయి. ఒకటి పోవడం వల్లే మరొకటి మిగిలింది.

---

రెండో షిఫ్టు

నేను నూలు మిల్లులో రింగు ఫ్రేముల (నూలు వడికే యంత్రాల) మరమ్మతు చేసి రిటైరైనవాడిని. పెద్దలు రాసినవన్నీ చదివాను. ఒకటే చెప్పదలిచాను: మీరందరూ గోడ, కప్పు, ముఖభాగం అంటున్నారు గానీ మాకు భవనం అంటే నేల.

యంత్రాలు ఎత్తుకుపోయిన తరువాత కూడా ఏది ఎక్కడ నిలబడిందో నేల చెబుతుంది. బోల్టులు దిగిన గుంటలు వరుసగా ఉంటాయి. మిషను కింద నూనె ఇంకిన చోట నల్లటి పొడవాటి మచ్చ, పక్కన మనిషి అటూఇటూ నడిచి నడిచి నున్నగా అరిగిన దారి. ఆ దారి వెడల్పు చూసి అక్కడ ఎలాంటి ఫ్రేము ఉండేదో నేను చెప్పగలను. పోగు తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ కావాలి, అందుకని నేల కింద గాలి సొరంగాలు ఉండేవి. వాటిలోకి దిగి దూది తీయడం కుర్రవాళ్ల పని. మిల్లును హోటలుగానో దుకాణాలుగానో మార్చినప్పుడు మొట్టమొదట చేసే పని ఆ నేల మీద పలకలు పరవడం. పొగగొట్టాన్ని మాత్రం దీపాలు పెట్టి జాగ్రత్తగా నిలబెడతారు. పొగగొట్టం దగ్గర మాలో ఎవరికీ పని ఉండేది కాదు, బాయిలరు వాళ్లకు తప్ప.

నూనె ఇంకిన కొయ్య నేల నిప్పుకు ఎంత ప్రమాదమో నాకూ తెలుసు కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉంచమని అనను. కప్పే ముందు ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుంది?

---

నూలుపోగు

రెండో షిఫ్టు గారి మాట నా వాదనను మరికొంత కచ్చితంగా చెప్పమంటోంది. పని లేని ఎడంలో భవనాన్ని ఎవరు, ఎలా వాడారన్నదే చాలాసార్లు నిర్ణయాత్మకం. పారిస్ నుంచి రెండు ఉదాహరణలు ఇస్తాను. అవి కర్మాగారాలు కావు గానీ అదే ఇనుప యుగపు కట్టడాలు.

విక్టర్ బాల్టార్ రూపొందించిన లే హాల్ ఇనుప మంటపాల్లో నగరపు టోకు ఆహార మార్కెట్టు నడిచేది. 1969లో మార్కెట్టు రంజిస్‌కు తరలిపోయింది. ఖాళీ అయిన మంటపాల్లో ప్రదర్శనలు, నాటకాలు పెడితే జనం బాగా వచ్చారు, కూల్చవద్దని నిరసనలూ జరిగాయి. అయినా 1971లో కూల్చివేత మొదలైంది. ఒక్క మంటపాన్ని మాత్రం విప్పి నొజాన్ అనే శివారు ఊరిలో మళ్లీ నిలబెట్టారు.

ఓర్సే రైలు స్టేషన్ 1900లో మొదలైంది. పొడవైన కొత్త రైళ్లకు దాని ప్లాట్‌ఫారాలు చాలక 1939 నాటికే దూరప్రయాణాలు ఆగిపోయాయి. తరువాత యుద్ధఖైదీలకు పంపే పార్సిళ్ల కేంద్రంగా, విడుదలై వచ్చినవారికి స్వాగత స్థలంగా, సినిమా చిత్రీకరణకు, నాటక బృందానికి, చివరకు వేలంపాటలకు కూడా ఉపయోగపడింది. దాన్నీ పడగొట్టి హోటలు కట్టాలన్న పథకం ఉండేది. కానీ ఆ సమయానికి లే హాల్ పోయిన బాధ నగరంలో పచ్చిగా ఉంది. 1970లలో రక్షణ లభించింది, 1986లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది.

తాత్కాలిక వాడకం రెండింటికీ ఉంది, ఒకటే మిగిలింది. కాబట్టి తాత్కాలిక వాడకం రక్షణ కాదు. కూల్చే నిర్ణయం అమలయ్యేలోపు ఊరి మనసు మారడానికి కావలసిన గడువును అది సంపాదించి పెడుతుంది, అంతే. ఓర్సేకు ఆ గడువు సరిపోయింది.

---

గవాక్షం

మిగిలిందన్న మాటను కూడా పరీక్షించాలి. బాటర్సీ పొగగొట్టాలు నాలుగింటినీ విప్పి, అదే కొలతలతో 2014 తరువాత కొత్తగా పోశారు. దూరం నుంచి చూసేవారికి తేడా తెలియదు. డెర్బీలోని లోంబ్ పట్టు మిల్లు 1721 నాటిదని పలక మీద చదువుతాం. 1910 అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన దానిలో పాతవి పునాది కమానులు, గోపురంలో కొంత భాగం మాత్రమే. నేడు అది తయారీ కళల ప్రదర్శనశాల, చాలా చక్కగా నడుస్తోంది. వీటిని నేను తప్పు పట్టను. కానీ ముఖభాగపు గోడ ఒక్కటి నిలబెట్టి, వెనుక కొత్త చట్రం మీద పాతిక అంతస్తులు లేపి దాన్ని "పరిరక్షణ" అని పిలిచే పద్ధతికీ, డెర్బీలో జరిగినదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలి?

---

నేలపటం

గీత గీయడానికి ఒక సూత్రం ఇప్పటికే ఉంది. పారిశ్రామిక వారసత్వ పరిరక్షణకు అంతర్జాతీయ సంఘం 2003లో నిజ్నీ తగీల్‌లో ఆమోదించిన పత్రం కొత్త వాడకాన్ని అంగీకరిస్తుంది. చేసే మార్పులు వెనక్కి తీసుకోగలిగినవై ఉండాలని, వస్తువులూ మనుషులూ కదిలిన అసలు దారులను గౌరవించాలని కోరుతుంది. రెండో షిఫ్టు గారు చెప్పిన అరిగిన దారి అక్షరాలా ఇదే. ముఖభాగం గోడ ఒక్కటే ఉంచితే అలాంటి దారి ఏదీ మిగలదు కాబట్టి, నా మటుకు దాన్ని కూల్చివేతల పట్టికలోనే వేస్తాను.

---

దూలం

ఈ చర్చ చదివి ఎవరైనా తమకు తెలిసిన భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉందని గ్రహిస్తే, ఆపగలరో లేదో తేలేలోపు చేయదగిన పని ఉంది. యజమాని అనుమతి, తలకు రక్షణ, తోడు మనిషి లేకుండా లోపలికి వెళ్లవద్దు. కొయ్య నేలల మీద గోడ పక్కన కాక దూలాల వరుస మీదే నడవాలన్న పాత సలహాను దూలపు కొసలు కుళ్లిన చోట అసలు నమ్మవద్దు. ముందు ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి దూరం కొలవండి, తరువాత అంతస్తు ఎత్తు. స్తంభాల అడుగున, తల దగ్గర, పోత పోసిన కొలిమి పేరు, సంవత్సరం ఉబ్బెత్తుగా ఉండవచ్చు. పక్కనుంచి టార్చి వెలుగు వేసి ఫొటో తీస్తే రంగు పొరల కింద ఉన్నా కనబడుతుంది. దూలాలకు వేలాడే ఇనుప బ్రాకెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తిస్తే పూర్వం లైన్ షాఫ్టు (యంత్రాలను తిప్పే పొడవాటి ఇరుసు) ఏ వైపు నడిచిందో, యంత్రాలకు శక్తి ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. మూసిన కిటికీల ఇటుక రంగు, సున్నపు అతుకు చుట్టూ ఉన్న గోడతో పోల్చి రాసుకోండి, గవాక్షం గారు అడిగిన లెక్క అక్కడ దొరుకుతుంది. నేలకు మాత్రం ఒక రోజంతా కేటాయించండి, వీలైతే రెండో షిఫ్టు గారి వంటివారిని వెంట తీసుకెళ్లండి. గుంటల వరుసలను చూసి వారు చెప్పేది మా పరికరాలేవీ చెప్పలేవు.

---

రెండో షిఫ్టు

పిలిస్తే వస్తాను. మెట్లు ఎక్కువగా ఉంటే మాత్రం కింది అంతస్తు వరకే.